ఎముక కేన్సర్‌కు లంఖణం మందు కాదు

నాలుగు రోజులు మంచినీళ్ల మీద ఉంటే ‘ఆటోఫజీ’ మొదలై కేన్సర్ గడ్డను ఒళ్లే తినేస్తుందట. దానికి నోబెల్ కూడా వచ్చిందట. ఫోన్లలో తిరుగుతున్న ఈ ‘అట’లను నమ్మి బిడ్డ కీమోను వాయిదా వేద్దామనుకునే తల్లిదండ్రులకే ఈ హెచ్చరిక.

నోబెల్ సంగతి నిజమే. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి ఇచ్చారు. ఆయన పరిశోధించింది ఈస్ట్ కణాల మీద, ఉపవాస వైద్యం మీద కాదు. కణం తనలో పాడైన భాగాలను సంచిలా చుట్టి, లైసోజోమ్‌లో అరిగించి, ఆ సరుకును మళ్లీ వాడుకోవడమే ఆటోఫజీ. పాత బంగారం కరిగించి కొత్త నగ చేయించుకున్నట్టు. ఈ విద్య కేన్సర్ కణానికీ వచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

ఎదిగే పిల్లల ఎముకల్లో ఎక్కువగా కనిపించే కేన్సర్ ఆస్టియోసార్కోమా. కణం దారి తప్పకముందు ఆటోఫజీ చెత్త ఊడ్చి కాపాడుతుంది. గడ్డ పెరిగాక తరచూ ఆ గడ్డకే కొమ్ము కాస్తుంది. నెత్తురు సరిగా అందని చోట ఆకలిని ఓర్చుకోవడానికి, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ మందుల దెబ్బ నుంచి తేరుకోవడానికి కేన్సర్ కణాలు దాన్ని వాడుకుంటాయని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది. అందుకే దాన్ని ఆపే దారులూ వెతుకుతున్నారు. హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో ప్రయోగాలు జరిగాయి, కానీ అదింకా ప్రామాణిక చికిత్స కాలేదు. (మందుల షాపుకు పరుగెత్తకండి. గుండె లయనూ, కంటి రెటీనానూ దెబ్బతీయగల మందు అది.) ఆటోఫజీ మితిమీరితే కేన్సర్ కణం చచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఏ దశలో పెంచాలో, ఎప్పుడు ఆపాలో శాస్త్రవేత్తలకే ఇంకా తేలలేదు. వీడియోలో మాట్లాడే పెద్దమనిషికి ఎలా తేలిందో!

కీమో ఎక్కుతున్న పిల్లవాణ్ణి దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. నోరంతా పూసి ఉంటుంది. అమ్మ కలిపిన పెరుగన్నం రెండు ముద్దలు దిగితే ఆ పూటకు గొప్ప. బరువు తగ్గేకొద్దీ మందును తట్టుకునే సత్తువ పోతుంది. ఆ బిడ్డను పస్తు పెట్టడమా?

అసలు ఆలస్యం కీమో దాకా రాకముందే, జబ్బును గుర్తించడంలోనే మొదలవుతుంది. మోకాలి దగ్గర వాపు, రాత్రి నిద్రలేపే నొప్పి. కబడ్డీలో దెబ్బ తగిలిందనుకుని తైలంతో తోమిస్తాం, కట్టు కట్టిస్తాం. రెండు మూడు వారాలకూ తగ్గలేదంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. అనుమానం వస్తే బయాప్సీని ఆపరేషన్ చేసే కేన్సర్ ఆసుపత్రిలోనే చేయించుకోవాలి.

కీమో లేని రోజుల్లో కాలు తీసేసినా పదిమందిలో ఇద్దరే దక్కేవారు. ఇప్పుడు ఊపిరితిత్తులకు పాకకముందే వచ్చి, కీమో, ఆపరేషన్ పూర్తిచేసుకున్న ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. చాలామందికి కాలూ మిగులుతోంది. మీ ఇంట్లో కీమో తేదీ దాటిపోయిన బిడ్డ ఉంటే, రేపటికి ఆగకుండా ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి.