లైన్ క్లియర్ లేకుండా పడవ కదలకూడదు

ఈ పోస్టు పొడుగే, ఓపికగా చదవండి. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్దండి, విషయం మాత్రం దాటేయకండి.

సంక్రాంతి అయ్యాక సముద్రంలోకి ట్రోలింగ్‌కు పోదామని మన కుర్రవాళ్ళు పెట్టిన మెసేజ్‌కు గ్రూపులో రెండు రోజులుగా ఒకటే గొడవ. ఒక పెద్దాయన "ట్రాలింగ్ సముద్రాన్ని నాశనం చేస్తుంది, వద్దు" అన్నారు. అయ్యా, అది ట్రాలింగ్, ఇది ట్రోలింగ్. అక్కడ పెద్ద వలను సముద్రం అడుగున ఈడుస్తారు. ఇక్కడ పడవ మెల్లగా పోతుంటే వెనక నాలుగైదు గాలాలు లాగిస్తారు, వంజరమో సూరో ఎరను తరుముకుంటూ వచ్చి పట్టుకుంటుంది. మూడో ట్రోలింగ్ ఒకటుంది, అది మన గ్రూపులో రోజూ జరుగుతూనే ఉంది.

మా కోపం వేరే. మెసేజ్‌లో రీలు ఏ కంపెనీది, టీషర్ట్ ఏ రంగు, బిర్యానీ ఎక్కడ్నుంచి, అన్నీ ఉన్నాయి. లైఫ్ జాకెట్ మాట లేదు. వాతావరణం మాట లేదు. పడవ నడిపే మనిషి మాట అసలే లేదు.

రెండేళ్ళ కింద కోవళం వైపు నుంచి మేం ఆరుగురం వెళ్ళాం. గ్రూపులో చేపతో ఫోటో పెట్టి "సూపర్ ట్రిప్" అని రాశాం. ఆ రోజు రాయనిది ఇప్పుడు రాస్తున్నాం. పదకొండు గంటలకే పడవ నడిపే అన్న "గాలి తిరిగింది సార్, వెనక్కి పోదాం" అన్నాడు. పులికాట్ వైపు మనిషి, మనతో తెలుగులోనే చెప్పాడు. మేమేమన్నాం? "డబ్బు కట్టాం కదా, ఇంకో గంట పోనీ" అన్నాం. ఆ గంటలోనే ఇంజను ఆగింది. ఆరుగురికి నాలుగు జాకెట్లు. ఫోన్లలో సిగ్నల్ లేదు. ఇంట్లో బీచికని చెప్పి వచ్చాం. రెండున్నర గంటలు కొట్టుకుపోయాక ఒక ఫైబర్ పడవవాళ్ళు చూసి తాడేసి లాక్కొచ్చారు. దొరికింది ఒక్క సూర. తప్పు ఇంజనుది కాదు, ఆ అన్నది కాదు. తప్పు మాది.

రైల్వేలో అన్నేళ్ళు గుమాస్తాగిరీ చేసి మేం నేర్చుకున్నది ఒకటుంది. ముందు స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రాకపోతే, బండిలో మంత్రి కూర్చున్నా డ్రైవరు కదపడు. టికెట్ కొన్నవాడికి సీటు మీద హక్కు, సిగ్నల్ మీద కాదు. సముద్రంలో మాత్రం డబ్బు కట్టినవాడే సిగ్నల్ ఇస్తానంటే ఎలా?

మన హైదరాబాదులోనే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఉపగ్రహాలతో సముద్రం వేడి, పచ్చదనం చూసి చేపలు ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో ఉండొచ్చో చెబుతుంది. అలల ఎత్తు, గాలి వేగం కూడా ముందే చెబుతుంది. తెలుగులోనూ తమిళంలోనూ ఇస్తుంది. వేలు పోసి రీలు కొనేవాళ్ళు ఉచితంగా వచ్చే ఆ నాలుగు ముక్కలు చదవరా? 2017 నవంబరు చివర ఓఖీ తుఫాను వచ్చినప్పుడు, అప్పటికే దూరం పోయిన కన్యాకుమారి పడవలకు హెచ్చరిక అందక ఎన్ని ఇళ్ళు ఆరిపోయాయో తమిళ పేపర్లలో రోజూ చదివాం. వాళ్ళు పుట్టినప్పట్నుంచీ సముద్రంలో ఉన్నవాళ్ళు. మనమెంత?

చేపలు దొరకాలన్నా తయారీ ఒడ్డునే. వంజరం పళ్ళు కత్తెరలాంటివి, గాలం దగ్గర ఉక్కు తీగ లేకపోతే దారాన్ని తెంపుకుని పోతుంది. ముడులు ఇంట్లోనే వేసి, లాగి చూసుకోవాలి. పట్టిన చేపకు దాని బరువంత ఐసు కావాలి, లేకపోతే ఇంటికొచ్చేసరికి కంపు. డీజిల్ మూడు భాగాలు చేసుకోవాలి: పోను ఒకటి, రాను ఒకటి, ఆపదకు ఒకటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇక్కడ మరపడవల వేట నిషేధం, ఆ రోజుల్లో దొంగచాటుగా పోదామన్నవాడి మాట వినకండి.

కాబట్టి కమిటీకి మా డిమాండ్ ఇది. తలకొక లైఫ్ జాకెట్ లేకపోతే పడవ కదలకూడదు. వైర్‌లెస్ సెట్ ఉండాలి, అది పనిచేస్తోందని ఒడ్డునే చూసుకోవాలి. ఎవరెవరు పోతున్నారు, ఎటు, ఎన్నింటికి తిరిగొస్తారు అని కాగితం మీద రాసి ఒడ్డున ఒకరి చేతికివ్వాలి. చెప్పిన టైముకు రాకపోతే ఆ మనిషి కోస్ట్ గార్డుకు 1554కు ఫోన్ చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి తిప్పుదామని పడవ నడిపేవాడు అంటే ఎవరూ నోరెత్తకూడదు. సగంలో తిరిగొచ్చినా అతనికి పూర్తి కూలి ఇవ్వాలి. కూలి కోస్తారన్న భయం ఉన్నవాడు ఉన్నదున్నట్టు చెప్పలేడు.

"ఇంత భయమైతే ఇంట్లో కూర్చోండి" అని కొందరంటారు. భయం కాదు, మర్యాద. ఉగాదికి సినిమావాళ్ళను పిలిచి శాలువాలు కప్పుతాం. ఇన్నేళ్ళలో ఒక్క జాలరినైనా పిలిచి కుర్చీ వేశామా? ఈసారి ట్రిప్పుకు ముందు ఆదివారం ఆ అన్నను పిలుద్దాం. ఆయన చెబుతాడు, మనం విందాం.

ఖాళీ ఐసు పెట్టెతో ఆరుగురూ తిరిగొస్తే మాకు అదే సూపర్ ట్రిప్. కాదన్నవాళ్ళు కింద రాయండి, జవాబిస్తాం.