వాయిదాకు రాని వకీలు

"వాయిదా పడిందమ్మా, మళ్లీ ఫోన్ చేస్తాం." కోర్టులో కేసున్న ఇంట్లో ఈ మాట వినని వాళ్లుండరు. చెప్పేది చాలాసార్లు వకీలు కాదు, ఆయన గుమాస్తా. నిజంగా వాయిదా పడితే సరే. కానీ ఆ రోజు కేసు పిలిచినప్పుడు మన తరఫున ఎవరూ పలకలేదనీ, దావా కొట్టేశారనీ, లేదా అవతలి వాళ్లకు ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేశారనీ తెలిసేది ఎప్పుడు? ఒక్కోసారి కోర్టు అమీనా గుమ్మంలో నిలబడ్డ రోజున. హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ పాత ఇళ్లలో అన్నదమ్ముల వాటాల దావాలు, ఖాళీ చేయని అద్దెదారు మీద వేసిన కేసులు ఇలా చేజారిపోవడం గురించి వింటూనే ఉన్నాం.

అశోక్‌నగర్‌లో ఇదే కథ కుర్రాళ్ల మధ్య నడుస్తుంది. నోటిఫికేషన్ మీదో, ఆన్సర్ కీ మీదో అభ్యంతరం వస్తే పోటీ పరీక్షల అభ్యర్థులు తలాకొంత వేసుకుని హైకోర్టులో రిట్ వేస్తారు. వకీలు నంబరు ఒక్కడి దగ్గరే ఉంటుంది. మిగతా వాళ్లకు రిట్ నంబరు కూడా తెలియదు. వాళ్లు వేసుకున్నది హాస్టల్ అద్దెలో మిగుల్చుకున్న డబ్బు. వకీలు ఫోనెత్తకపోతే ఎవరిని అడగాలో వాళ్లకు తెలియదు.

కొట్టేసిన దావాను మళ్లీ తెరిపించడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయించడానికీ అంతే. ఆ గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని మరో పిటిషన్ వేసి, ఆలస్యానికి తగిన కారణం చూపించాలి. "మా వకీలు చెప్పలేదండీ" అంటే కోర్టు ఒప్పుకుంటుందా?

1981లో ఒప్పుకుంది. రఫీక్ అనే పల్లెటూరి మనిషి అప్పీలును, ఆయన వకీలు రాని రోజున, అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది. ఫీజు ఇచ్చి వకీలును పెట్టుకున్నాక ఆయన వెంటపడి కాపలా కాయడం కక్షిదారు పని కాదనీ, వకీలు తప్పుకు కక్షిదారు నష్టపోకూడదనీ సుప్రీంకోర్టు అన్నది. ఖర్చుల కింద 200 రూపాయలు గైర్హాజరైన వకీలు నుంచే వసూలు చేయమంది. 2024 నవంబరులో రజనీశ్ కుమార్ కేసులో అదే కోర్టు స్వరం మారింది. తప్పంతా వకీలు మీదకు నెట్టి ఆలస్యాన్ని మన్నించమంటే కుదరదు, తన కేసు గురించి కక్షిదారు కూడా జాగ్రత్తగా ఉండాలి అన్నది. పాత వకీలు మీద నెపం పెట్టి కేసు సాగదీసే గడుసువాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఇంగ్లీషు ఆర్డరు చదవలేని మనిషికీ, పది కేసులు నడిపే కంపెనీకీ ఒకే కొలత పెడితే అన్యాయం.

వినియోగదారుల ఫోరానికి పోదామంటే ఆ దారీ మూసుకుంది. డి.కె. గాంధీ అనే ఆయన ఢిల్లీలో ఒక చెక్ బౌన్స్ కేసుకు వకీలును పెట్టుకున్నారు. అవతలివాళ్లు ఇచ్చిన డబ్బును వకీలు తనకు అందించలేదని గాంధీ ఫిర్యాదు. వకీళ్ల సేవ కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని 2007లో జాతీయ కమిషన్ చెప్పింది. 2024 మే 14న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పులో చెప్పిన ఒక కారణం దగ్గర నేను ఆగిపోయాను: వకీలు పని మీద కక్షిదారుకు నేరుగా అదుపు ఉంటుందట. తన వాయిదా ఎప్పుడో కూడా తెలియని మనిషికి ఏం అదుపు ఉంటుంది? నష్టపరిహారం కోసం సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు, నిజమే. ఒక దావా పోగొట్టుకున్నవాడు దాని కోసం ఇంకో దావా వేయాలి, దానికి మరో వకీలును వెతుక్కోవాలి.

వకీళ్లకు ఊపిరాడదన్నది నాకు తెలుసు. ఒకే పొద్దున హైకోర్టు, పురానీ హవేలీ, నాంపల్లి, ఎల్బీనగర్ కోర్టులన్నిట్లో కేసులుంటాయి. అయితే జూనియర్‌ను పంపాలి, కుదరదంటే ముందే చెప్పాలి. సరైన కారణం, తగిన నోటీసు లేకుండా ఒప్పుకున్న కేసు వదలకూడదనీ, వదిలితే చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగివ్వాలనీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లోనే ఉంది. వకీలుగా పేరు తెచ్చుకుని జడ్జి అయిన కేశవరావు కోరట్కర్ పేరు మీద నారాయణగూడలో వెలసిన కేశవ్ మెమోరియల్ సంస్థల్లో లా కాలేజీ కూడా ఉంది. అక్కడి పిల్లలకు ఈ నియమాన్ని మొదటి ఏడాదిలోనే, కక్షిదారు ఎదుట కూర్చున్నాడనుకుని నేర్పాలి.

కొత్తగా కేసు వేస్తున్నవాళ్లకూ, ఇప్పటికే చిక్కుకున్నవాళ్లకూ చెప్పేది ఇది. వకాలత్ మీద సంతకం పెట్టిన వారంలోనే కేసు నంబరూ, 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరూ అడిగి రాసుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే వచ్చే వాయిదా, గత వాయిదా ఆర్డరు కనిపిస్తాయి. ఇంట్లో చదువుకున్న పిల్లలకు ఆ పని అప్పజెప్పండి. ఫీజు ఇచ్చిన ప్రతిసారీ రసీదైనా, బ్యాంకు ద్వారా పంపిన ఆనవాలైనా ఉంచుకోండి. వకీలు మాట్లాడకపోతే రాతపూర్వకంగా అడగండి. వకీలును మార్చుకోవాలంటే నో అబ్జెక్షన్ అడగండి, ఇవ్వకపోతే కొత్త వకీలు ద్వారా కోర్టు అనుమతి తీసుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు పాత వకీలుకు లేదు. మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకు ఫైళ్లు అలా ఆపిన వకీలుది దుష్ప్రవర్తనేనని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు న్యాయసేవా సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయవచ్చు. ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం అందుతుంది.

చివరికి మిగిలేది బార్ కౌన్సిల్. అడ్వొకేట్ల చట్టం 1961లోని 35వ సెక్షన్ కింద ఫిర్యాదు చేస్తే క్రమశిక్షణ కమిటీ మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, జాబితా నుంచి పేరే తీసేయవచ్చు. ఏడాదిలోపు తేల్చకపోతే ఆ ఫిర్యాదు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుందని 36బి చెబుతోంది. అంటే ఫిర్యాదుదారు మళ్లీ ఢిల్లీ వైపు చూడాలి. వకీళ్ల మీద వకీళ్లే విచారణ చేసే ఈ పద్ధతిని సుప్రీంకోర్టు నమ్మింది, వినియోగదారుల ఫోరం అక్కర్లేదన్నది. ఆ నమ్మకానికి తగినట్టు తెలంగాణ బార్ కౌన్సిల్ నడుచుకోవాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తేల్చారో, ఏ శిక్ష వేశారో ఏటా తెలుగులో ప్రకటించాలి. ఏడాది గడువును హైదరాబాదులోనే పాటించాలి. ఫిర్యాదు రాయలేనివాళ్ల కోసం హైకోర్టు ఆవరణలోని తన కార్యాలయంలో ఒక మనిషిని కూర్చోబెట్టాలి. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, ఒక తీర్మానం చాలు.