ఫోను చదువుతుంది... మీరు పంపింది అక్షరమేనా?

'సార్, నోట్సు వచ్చింది. కానీ ఫోను చదవట్లేదు. అందులో ఏమీ లేదంటోంది!'

ఆమధ్య ఓ సాయంత్రం మా పక్కింటివాళ్ల బంధువుల అమ్మాయి చేసిన ఫోను అది. డిగ్రీ రెండో ఏడాది. పుట్టుకతోనే చూపు లేదు. క్లాసులో ఎవరో అర్థశాస్త్రం నోట్సు వాట్సప్‌లో పంపారు. 40 పేజీలు. పరీక్ష వారంలో ఉంది.

'తమ్ముడు చదివి వినిపిస్తాడు కదమ్మా' అన్నాను.

'వాడికి తీరికున్నప్పుడే నా చదువు సార్. రాత్రి పదింటికి చదవాలనిపిస్తే ఎవర్ని లేపను?'

నా దగ్గర జవాబు లేదు. ఫైలు పంపమన్నాను.

నిజానికి చదివి వినిపించే సాధనాలకు ఈరోజు కొదవలేదు. అచ్చు పుస్తకాన్ని పైకి చదివే యంత్రాన్ని 1976లోనే అమెరికాలో రే కర్జ్‌వెయిల్ తయారుచేశాడు. ఇప్పుడా పని జేబులోని ఫోనే చేస్తోంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్ ఓవర్ ఉన్నాయి. కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ ఉంది. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ దాన్ని రాయడం మొదలుపెట్టాడు. ఆయనకీ చూపు లేదు. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా దించుకోవచ్చు. గొంతు కాస్త మరమనిషిలా ఉన్నా, తెలుగూ చదువుతుంది.

మరి ఈ అమ్మాయి ఫోను ఎందుకు మూగబోయినట్టు?

బొమ్మ వేరు... అక్షరం వేరు

ఫైలు తెరిస్తే సంగతి తెలిసింది. అచ్చు నోట్సును పేజీ పేజీ ఫొటో తీసి పీడీఎఫ్ చేశారు. మన కంటికి అవి అక్షరాలే. ఫోనుకు మాత్రం గులాబీ పువ్వు ఫొటో ఎంతో ఇదీ అంతే. బొమ్మలోంచి అక్షరాలను పోల్చుకునే సాఫ్ట్‌వేర్ తోడైతే తప్ప చదవలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన ఫైళ్లు ఎన్నో మన కాలేజీల్లో తిరుగుతుంటాయి. చూడ్డానికి తెలుగే. లోపల ఉన్నవి మాత్రం తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. చదివే సాఫ్ట్‌వేర్‌కు వేషం కనపడదు కదా! ఉన్నదున్నట్టు ఏ, బీ, సీ, డాలర్ అంటూ గొణుగుతుంది. యూనికోడ్‌లో ఆ బాధ లేదు. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. ఫోనులో మనం రోజూ కొట్టే తెలుగంతా యూనికోడే.

రెండు నిమిషాల పరీక్ష

మీరు పంపే ఫైలు ఏ రకమో తెలుసుకోవడం తేలిక. అందులో ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సప్‌లో అతికించండి. వాక్యం అసలు పట్టుబడకపోతే అది బొమ్మ. పిచ్చి గీతలొస్తే పాత ఫాంటు. శుభ్రంగా తెలుగొస్తే ఏ ఇబ్బందీ లేదు.

బొమ్మైతే? ఆ ఫొటోలను కంప్యూటర్లో గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. అచ్చులోని మాటలు అక్షరాలుగా మారి వస్తాయి. అయితే ఒక్కసారి సరిచూడాల్సిందే. ఒత్తులు జారిపోతాయి. 'ప' కాస్తా 'వ' అవుతుంది. అమ్మాయి నోట్సును నేనూ అలాగే మార్చాను. రెండు సాయంత్రాలు పట్టింది.

చూపున్నవాళ్లకీ...

ఈ సాధనాలు చూపు లేనివారికే అనుకోకండి. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' గుర్తుందిగా! అందులోని బాబులా డిస్‌లెక్సియా ఉన్న పిల్లలకు కంటితో చూస్తూ చెవితో వినడం పెద్ద ఆసరా. చేత్తో రాయలేని పిల్లలు నోటితో చెబితే ఫోను టైపు చేస్తుంది. 2017 నుంచి గూగుల్ వాయిస్ టైపింగ్‌లో తెలుగూ ఉంది. పేర్ల దగ్గర, కామాల దగ్గర తడబడినా పని నడుస్తుంది.

'పుస్తకాన్ని ఇలా మారిస్తే కాపీరైటు గొడవ రాదా?' అని అడుగుతారేమో. వైకల్యం ఉన్నవారు చదువుకోవడానికి వీలుగా మార్చుకునేందుకు 2012లో సవరించిన మన కాపీరైటు చట్టం అనుమతిస్తోంది. ఇలాంటి వెసులుబాటు కోసమే కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. అలా మార్చిన పుస్తకాల కోసం 2016లో 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ గ్రంథాలయమూ మొదలైంది.

చట్టముంది, సాఫ్ట్‌వేర్ ఉంది. కొరత మన వైపే. టీచర్లు, క్లాసులో నోట్సు పంచుకునే మన పిల్లలు ఫొటోకు బదులు అక్షరం పంపితే చాలు, సగం గోడ కూలినట్టే. ఈ ఆదివారం మీ పిల్లలతో ఆ రెండు నిమిషాల పరీక్ష చేయించి చూడండి.

ఇంతకీ ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ! ఫైలు పంపిన రోజే మెసేజీ వచ్చింది. 'సార్, మూడో పేజీలో వస్తు సేవల వన్ను అని ఉంది. పన్ను కదా? సరిచేసి మా క్లాసు గ్రూపుకీ పంపిస్తాను.'

గడియారం చూశాను. రాత్రి పదిన్నర.

ఎవర్నీ లేపలేదన్నమాట.