రక్తపిశాచి యెవరు?

1964వ సంవత్సరమున వెలువడిన ‘ది లాస్ట్ మ్యాన్ ఆన్ ఎర్త్’ అను చలనచిత్రమును పలువురు భయమునకై చూచి, భయము తీరినపిమ్మట మఱచిపోవుదురు. వరంగల్లు ప్రాంతమున నివసించు మాకు మాత్రము అది మన పల్లెలమీద మోపిన యొక యభియోగమువలె తోచుచున్నది.

రిచర్డ్ మాథెసన్ 1954లో ప్రకటించిన నవల దీనికి మూలము. మహమ్మారిచే లోకమెల్ల నశింపగా మోర్గన్ అను శాస్త్రజ్ఞు డొక్కడు మిగులును. ఈ పాత్రను ధరించినవాడు విన్సెంట్ ప్రైస్. చచ్చినవారు రాత్రులయందు లేచి, రక్తమునకై అతని గుమ్మమునకు వత్తురు. అతడు తలుపునకు వెల్లుల్లియు అద్దములును వ్రేలగట్టి, పగటివేళ నగరమెల్ల వెదకి, నిద్రించువారి గుండెలలో కొయ్యమేకులు దిగగొట్టుచుండును. తుదకు రూత్ అను స్త్రీవలన నిజము బయటపడును: అతడు చంపినవారిలో పలువురు రోగము సోకియు ఔషధబలమున జీవించుచున్న మనుష్యులే. వారి కన్నులకు పగలు వచ్చి ప్రాణములు తీయు పిశాచ మతడే! రోగమును మాన్పు గుణము అతని రక్తముననే కలదు. రూత్ దానిచేత స్వస్థురాలయ్యెను. ఐనను ఆమె మాట సాగకముందే ఆమె జనులు అతనిని తఱిమి, చర్చిలో ఈటెతో పొడిచి చంపిరి. విచారింపకయే అతడు చంపెను. విచారింపకయే అతనిని చంపిరి.

ఇది పరదేశపు కల్పన యందురా? మన తెలంగాణమున బాణామతి, చేతబడి యను మాటలు వినని వారెవరు? గేదె పాలు మానివేసినను, బిడ్డ జ్వరము తగ్గకున్నను, పొలిమేర గుడిసెలోని దిక్కులేని ముసలిదానివైపు వ్రేలు చూపుదురు. మంత్రము సరిగా పలుకలేకుండ పండ్లు ఊడబెఱికిన ఘోరములును, చెట్టునకు కట్టి కొట్టిన ఘోరములును, సజీవముగా దహించిన ఘోరములును ఈ నేలమీద జరిగినవి. చేసినవారు తాము ఊరిని రక్షించితిమనియే నమ్మిరి. మోర్గనును అట్లే నమ్మెను గదా!

చదువు పెరిగిన నిది తానే తొలగునని కొందఱందురు. వరంగల్లునందు కాకతీయ వైద్యకళాశాల 1959లోనే వెలసినది. కాని మోర్గన్ ఇంట సూక్ష్మదర్శినియు నుండెను, కొయ్యమేకులును ఉండెను. రోగము సూక్ష్మజీవివలన కలుగునని యెఱిగిన చేతితోనే అతడు మేకు చెక్కెను. విద్య వచ్చినంతమాత్రమున విచారణ రాదు.

శాసనము చేసిన చాలునని మఱికొందఱందురు. నరేంద్ర దాభోల్కర్ హత్యకు గుఱియైన 2013లోనే మహారాష్ట్రమునందును, 2017లో కర్ణాటకమునందును అట్టి శాసనములు వచ్చినవి. అవి కావలసినవే. కాని శాసనము చేరులోపల పుకారు ఊరంతయు చుట్టివచ్చును. ఆ పుకారు పుట్టునది మన యరుగులమీదనే.

ఇక మన మాట. పట్టభద్రుల గుమ్మములకు నిమ్మకాయయు మిరపకాయలును వ్రేలాడుచున్నవి. “మాకు నమ్మకము లేదు, కట్టిన నష్టమేమి?” అని సమాధానము. నష్టము గలదు. పొరుగువాని చూపు ప్రాణము తీయునని ఆ నిమ్మకాయ మన బిడ్డలకు దినదినము పాఠము చెప్పుచున్నది. పట్టణమున అది అలంకారము. పల్లెకు చేరునప్పటికి అదియే కొయ్యమేకు. మేమును నిర్దోషులము గాము. దిష్టి తీసిన చేతులలోనే పెరిగితిమి. ఒకతె పేరు మంత్రగత్తె యని విన్నప్పుడు నవ్వి యూరకుంటిమి. ఆ నవ్వును ఊరివారు అంగీకారముగా నెంచరా?

1904లో హనుమకొండయందు శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు పుస్తకమును ప్రజల యింటికి తెచ్చిరి. ఆ పుస్తకము చదివిన మనము చేయవలసినది స్వల్పమే. జ్వరము వచ్చినయెడల వైద్యుని పిలుతము. బిడ్డను దయ్యము పేర బెదిరింపకుందము. ఎవతెపేరైన చెవిని పడిన తోడనే, “నీవు చూచితివా? ఎట్లు తెలిసెను?” అని అందఱియెదుట నడుగుదము. ఆ గుడిసె తలుపు తట్టు గుంపునకు ముందుగా మనమే పోయి నిలుతము. పోకున్నయెడల, ఆ రక్తము త్రాగినవారిలో మన పేరును చేరును.