ఇసుక మనది, విద్య యెవరిది?

1909వ సంవత్సరమున షోంబర్గు అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు, తిరువాన్కూరు తీరమునుండి తన దేశమునకు దిగుమతియైన కొబ్బరిపీచులో చిక్కుకొనియున్న ఇసుకను పరీక్షించి, అందు మోనజైటు అను ఖనిజ మున్నదని కనుగొనెను. ఆ కాలమున ఐరోపా నగరములందు గ్యాసుదీపముల మేంటిళ్లకు థోరియము కావలసియుండెను. మోనజైటులో థోరియ మున్నది. అనతికాలములోనే మణవాళకురిచ్చి యొద్ద యంత్రములు వెలసినవి. మన తీరపు ఇసుక ఓడ లెక్కినది. ఆ ఇసుకమీద తరతరములుగా వల లారబెట్టుకొనిన జాలరికి గాని, ఆ పీచును పేనిన స్త్రీకి గాని, తమ కాళ్లక్రింద నేమున్నదో తెలియదు. సముద్రముల కావల, ప్రయోగశాలలో కూర్చున్నవానికి తెలిసినది.

ఆ జర్మనుని నిందించుటకు మేమీ కథను చెప్పుటలేదు. ఖనిజము భూమిలో నున్నంత మాత్రమున ధనము కాదనియు, దానిని ధనముగా చేయునది విద్యయే యనియు జ్ఞాపకము చేయుటకు చెప్పుచున్నాము. నూటపదునైదు సంవత్సరముల తరువాత అదే ఇసుక, అదే పాఠమును మనకు మరల చెప్పుచున్నది.

మోనజైటులో థోరియముతోబాటు నియోడిమియము, ప్రసియోడిమియము మొదలగు అరుదైన భూలోహములు కలవు. నియోడిమియమును ఇనుముతోను బోరానుతోను కలిపి చేసిన అయస్కాంతము మిక్కిలి చిన్నదయ్యు మిక్కిలి బలము గలది. విద్యుత్తుతో నడచు కారుల మోటారులలో అధిక భాగమునకును, సముద్రములో నిలిపెడు పెద్ద గాలిమరలకును ఇదియే ప్రాణము. బొగ్గును, పెట్రోలును విడిచి గాలి వెలుగులవలన శక్తి సంపాదింపదలచిన దేశమునకు ఈ లోహములు నిన్నటి కాలపు చమురువంటివి. 2025 ఏప్రిల్ నెలలో చైనా ప్రభుత్వము సమేరియము, డిస్ప్రోసియము, టెర్బియము మొదలగు ఏడు లోహములను, వానితో చేసిన అయస్కాంతములను తన అనుమతిపత్రము లేనిదే పంపరాదని శాసించినది. వారములలోనే మన మోటారు కర్మాగారములు కలవరపడినవి. ఒక్క దేశము కలము కదపగా ఖండాంతరములలో చక్రములు ఆగవలసివచ్చుట చిన్న సంగతి కాదు.

చైనాకీ బల మెట్లు వచ్చెను? ఖనిజ సంపదవలన మాత్రమే కాదు. పెకింగు విశ్వవిద్యాలయమున షూ గ్వాంగ్‌షియన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1972 ప్రాంతమున ప్రసియోడిమియమును నియోడిమియమునుండి వేఱుచేయు పనికి పూనుకొనెను. ఈ లోహములు కవలలవలె ఒకదానినొకటి పోలియుండును. త్రవ్వుటకంటె వేఱుచేయుటే కష్టము. ఆయన ఆ పనికి ఒక గణితమును, ఒక క్రమమును ఏర్పరచెను. ఆ విద్య కర్మాగారములకు వ్యాపించెను. 1986లో ఆరంభమైన 863 కార్యక్రమము వంటి ప్రభుత్వ పరిశోధన పథకములు దానికి తోడైనవి. ఒక గురువు గదిలో మొదలైన పని ఒక తరములో జాతి బలమైనది.

అదే కాలమున అమెరికా ఏమి చేసినది? నియోడిమియము అయస్కాంతమును 1980 దశకపు తొలినాళ్లలో కనుగొన్నవారు జపానులో సగావా, అమెరికాలో జనరల్ మోటార్సు శాస్త్రజ్ఞులు. ఆ సంస్థ మాగ్నెక్వెంచ్ అను విభాగమును నెలకొల్పి, 1995లో దానిని చైనా సంస్థలు భాగస్వాములుగా నున్న బృందమునకు అమ్మివైచినది. పిమ్మట ఆ పనియంతయు చైనాకు తరలిపోయినది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని 2002లో మూతపడినది. కనుగొన్న దేశమే కొనుక్కొను దేశ మైనది! 2010లో చైనాతో సముద్ర వివాదము వచ్చి సరకు ఆగినప్పుడు జపాను మేలుకొని, బదులు పదార్థముల పరిశోధనకును, విదేశపు గనులలో భాగస్వామ్యమునకును ధనము వెచ్చించినది. అమెరికా 2013లో ఏమ్స్ ప్రయోగశాల యందు క్లిష్ట పదార్థముల పరిశోధన సంస్థను స్థాపించినది. పోయిన విద్యను మరల నేర్చుకొనుట తొలుత నేర్చినదానికంటె ప్రయాసకరమని ఆ దేశములు నేడు అనుభవముచే తెలిసికొనుచున్నవి.

ఇక మన సంగతి. మన అణుఖనిజ సర్వే లెక్క ప్రకారము దేశములో సుమారు 1 కోటి 31 లక్షల టన్నుల మోనజైటు కలదు. అందు 70 లక్షల టన్నులకు పైగా అరుదైన భూలోహముల ఆక్సైడు లున్నవి. తీరపు ఇసుకలోని ఈ నిధిలో అన్ని రాష్ట్రములకంటె పెద్ద భాగము ఆంధ్ర తీరమునదే. భావనపాడు, కళింగపట్నము, భీమునిపట్నము: ఈ పేర్లు భూగర్భ శాస్త్రజ్ఞుల నోట నానుచున్నవి. ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ 1950లోనే పుట్టినది. అలువాయి కర్మాగారము 1952లో ప్రారంభమైనది. అనగా మనము ఆలస్యముగా మేల్కొన్నవారము కాము. తొలుత మేల్కొని, మరల నిద్రించినవారము. విశాఖపట్టణ ప్రాంతమున అచ్యుతాపురములో శుద్ధియైన లోహముల ఆక్సైడులు 2012 నాటి ఒప్పందము ననుసరించి జపానునకు పోయినవి. అయస్కాంతములుగా మారిన సరకును మనము పరదేశములనుండి కొన్నాము. 2024-25లో ఇట్లు దిగుమతియైన అయస్కాంతములు సుమారు 53,000 టన్నులు. న్యాయస్థానములందు పొలము వివాదములను చూచినవారికి ఈ స్థితి క్రొత్తది కాదు: పట్టా మన పేరనే యున్నది, అనుభవము పరులది.

ఇప్పుడు ప్రభుత్వము కదలినది. ఆ మాట ఒప్పుకొనుట న్యాయము. 2025 జనవరిలో రు. 16,300 కోట్ల వ్యయముతో జాతీయ క్లిష్ట ఖనిజముల మిషను మంత్రివర్గపు ఆమోదము పొందినది. దాని క్రింద తొమ్మిది విద్యాపరిశోధన సంస్థలు ప్రత్యేక కేంద్రములుగా ఎన్నికైనవి. వానిలో మూడు, ఐ.ఐ.టి., ఇనుమేతర పదార్థముల సాంకేతికాభివృద్ధి కేంద్రము, సీ-మెట్, హైదరాబాదు ప్రాంతమువే యగుట తెలుగువారికి సంతోషమును, బాధ్యతను గూడ కలిగించు సంగతి. విశాఖలో భాభా అణుపరిశోధన కేంద్రపు విద్యతో ఏటికి 3,000 కిలోల సమేరియము-కోబాల్టు అయస్కాంతములు చేయగల కర్మాగారము 2023లో జాతి కంకితమైనది. 2025 నవంబరులో, ఏటికి 6,000 టన్నుల నియోడిమియము అయస్కాంతములు చేయు శక్తిని దేశములో నెలకొల్పుటకు రు. 7,280 కోట్ల పథకము ప్రకటితమైనది.

మూడు టన్నులనుండి ఆరువేల టన్నులకు! ఈ దూరమును కేవలము రూపాయలతో దాటవచ్చునా? ఇదియే మా ప్రశ్న. దేశములో నేడు ఏటికి లభించు నియోడిమియము-ప్రసియోడిమియము ఆక్సైడు సుమారు 500 టన్నులు. అయస్కాంతము బరువులో దాదాపు మూడవ వంతు ఈ లోహములే గనుక, అది 1,500 టన్నుల అయస్కాంతములకు మాత్రమే చాలును. మిగిలిన నాల్గింట మూడు వంతుల ముడిసరకు ఎక్కడిది? దానిని మరల పరదేశము నుండియే తెచ్చుకొన్నచో బానిసత్వము గుమ్మము మారినదే గాని ఇల్లు విడువలేదు.

మరియొక చిక్కు గలదు. వేడికి అయస్కాంతము బలము తగ్గకుండ కాపాడు డిస్ప్రోసియము, టెర్బియములు మన మోనజైటులో అత్యల్పము. త్రవ్వకములెన్ని పెంచినను ఆ కొఱత తీరదు. డిస్ప్రోసియమును తక్కువగా వాడు పద్ధతులు, అది లేని మోటారులు, పాత యంత్రములనుండి లోహమును మరల తీయు మార్గములు: ఇవి గనిలో దొరకునవి గావు, ప్రయోగశాలలో పుట్టవలసినవి. పాత సరకునుండి ఖనిజములను తీయు పనికి 2025లో రు. 1,500 కోట్లు కేటాయించుట ఈ దృష్టితో మంచి పని.

ప్రయోగశాలలో చెంచాడు చేసినవాడు కర్మాగారములో బండెడు చేయలేడు. నడుమ ఒక మెట్టున్నది. నమూనా కర్మాగారము కట్టి, పాడై, మరల కట్టి, పనివానికి చేయి తిరుగువరకు నేర్చుకొను మెట్టది. మన విద్య పలుమార్లు జారినది అక్కడనే. ఈ ప్రత్యేక కేంద్రములు ఆ మెట్టు వఱకు ఎక్కవలెనని పథకములో వ్రాయబడుట మెచ్చదగినది. కాని అదే మిషను 1,000 పేటెంట్లు సాధింతుమనియు లక్ష్యముగా పెట్టుకొన్నది. పేటెంటు కాగితము, అయస్కాంతము వస్తువు. లెక్క చెప్పవలసివచ్చినపుడు అధికారులు సులభముగా లెక్కింపదగినదానినే లెక్కింతురు. ఎన్ని టన్నులు, ఎంత శుద్ధతతో, ఎంత ఖర్చుతో దేశీయ విద్యవలన తయారైనవో ఏటేట ప్రజలముందు పెట్టవలయును. ఈ మిషను గడువు 2030-31తో ముగియును. చైనా పరిశోధన ఫలించుటకు రెండు దశాబ్దములు పట్టెను. విత్తిన ఆఱవ నెలలోనే మామిడిపండ్ల నడుగు తోటమాలికి పండ్లును లేవు, చెట్టును నిలువదు.

చివరకొక మాట; చివర చెప్పినను చిన్నది కాదు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు, క్లిష్ట, వ్యూహాత్మక ఖనిజముల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదని ఉత్తరువు చేసినది. దేశరక్షణయు, త్వరయు కారణములుగా చూపబడినవి. మోనజైటులో థోరియ మున్నది. ఇసుక తిన్నెలు ఉప్పెనకు అడ్డుగోడలు. ఆ తిన్నెల మీదనే జాలరిపేటలు. తన గుడిసె ముంగిట తవ్వకము జరుగుచుండగా తన మాట చెప్పుకొను హక్కు గంగపుత్రునికి లేదనుట ఏ ధర్మము? వాదిని వినక తీర్పు చెప్పు న్యాయస్థానమును మనము గౌరవింతుమా? త్వర కావలసినచో విచారణను త్వరగా జరుపుడు; విచారణనే తీసివేయకుడు. 1909లో ఆ తీరవాసికి తెలియదు; నేడు తెలిసియు అడుగరాదనుట అంతకంటె హీనము.

పాలకులకు మా విన్నపము మూడు మాటలు: పరిశోధనకు దీర్ఘకాలపు నిధి, నమూనా కర్మాగారమునకు మొదటి పీట, తీరవాసికి తన మాట చెప్పు హక్కు. మన కళాశాలల యువకులకు విన్నపము ఒక్కటే: మన ఇసుకలో నేమున్నదో పరదేశి చెప్పగా వినిన తరము మన తాతలది. దానితో ఏమి చేయవలెనో గూడ పరదేశియే చెప్పగా వినవలసిన దుర్గతి మన బిడ్డలకు రాకుండ చూచు భారము మీది.