మార్కులు తగ్గితే డాక్టర్ రాడు

వార్డులో ఉన్న పేషెంట్ పరిస్థితి విషమించబోతోందని ముందే పసిగట్టడానికి బ్రిటన్‌లో 2012లో ‘న్యూస్’ అనే మార్కుల పద్ధతి తెచ్చారు. శ్వాస, ఆక్సిజన్, బీపీ, నాడి, జ్వరం, స్పృహ చూసి మార్కులు వేస్తారు. మొత్తం 5కి చేరినా, ఏ ఒక్కదాంట్లో 3 వచ్చినా డాక్టర్ వచ్చి చూడాలి. కులం, పలుకుబడి అడగని లెక్క కాబట్టి ఇది మన ఆసుపత్రుల్లోనూ ఉండాలనే మేమంటాం.

అయితే ఆక్సిజన్ అంకె చెప్పేది వేలికి తగిలించే ఆక్సీమీటర్. అది 92–96 చూపించినా రక్తపరీక్షలో 88 కంటే తక్కువ తేలినవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం అని 2020లో అమెరికా అధ్యయనం ఒకటి చెప్పింది. 88 కంటే తక్కువంటే 3 మార్కులు. మిషన్ 94 చూపిస్తే ఒక్కటే. ఇక డాక్టర్‌ను ఎవరు పిలుస్తారు?

రంగు కులాన్ని బట్టి ఉండదు, నిజమే. కానీ తప్పుడు అంకె నమ్మి ఇంటికి పంపేస్తే కార్పొరేట్ ఆసుపత్రికి పోలేనివాళ్లెవరో మనకు తెలుసు. ఆక్సీమీటర్లు కొనేటప్పుడు ముదురు చర్మం మీద పరీక్షించారా అని ప్రభుత్వాన్ని అడగాలి. శ్వాస లెక్కకైతే రంగుతో పనే లేదు, గడియారం చూస్తూ నిమిషంపాటు మంచం పక్కన నిలబడే నర్సు కావాలి. ఆ పోస్టుల సంగతీ అడగాలి.