సన్నబడువారు తేలిక బరువులే యెత్తవలెనా?

సన్నబడగోరువారు తేలిక బరువులను పలుమార్లు ఎత్తవలెననియు, కండలు పెంపగోరువారు మాత్రమే పెద్ద బరువులను కొలదిమార్లు ఎత్తవలెననియు నొక మాట మన యూళ్ల జిమ్ములలో తిరుగులేని శాసనమువలె చెల్లుచున్నది. ఆ మాట తప్పని నా యభిప్రాయము. నలువది యేండ్లు దాటినవారికి అది నష్టకరము కూడ. నేను వైద్యుడను గాను, వ్యాయామోపాధ్యాయుడను గాను. లెక్కలు చెప్పు పంతులను. అయినను ఈ లెక్కలో నేనే స్వయముగా తప్పితిని గనుక, దీనిని గూర్చి వ్రాయుటకు నాకు కొంత యధికారము కలదనుకొందును.

మూడేండ్ల క్రిందట నా తూకము 84 కిలోలు. మెట్లెక్కినచో ఆయాసము వచ్చెడిది. రక్తములోని చక్కెర హద్దునకు వచ్చి నిలిచినది. వైద్యులు తగ్గుమనిరి. ఒక జిమ్ములో చేరితిని. అచటి శిక్షకుడు మంచివాడే. “పంతులుగారూ, తమరు తగ్గుటకు వచ్చినవారు, తమకు పెద్ద బరువులెందుకండీ?” అని 2 కిలోల డంబెళ్లు చేతికిచ్చి, 25 మార్లు త్రిప్పుమనెను. నేను రాత్రి భోజనము మానితిని. అయిదు నెలలలో 12 కిలోలు తగ్గితిని. స్టాఫురూములో నన్ను మెచ్చుకొననివారు లేరు. నా చొక్కాలన్నియు దర్జీయొద్దకు పోయినవి.

అటుపిమ్మట నొకనాటి తెల్లవారుజామున మా తల్లిగారు పెరటిలో కాలుజారి పడిరి. ఆమె సన్నని మనిషి. 50 కిలోలకు మించదు. అంతకు ముందటి సంవత్సరము ఆమెకు జ్వరము వచ్చినపుడు మంచముమీదనుండి రెండు చేతులతో నెత్తి ఆటోలో కూర్చుండబెట్టినవాడను నేనే. ఆనాడు మోకాళ్లు వంచి యెత్తబోతిని, లేవలేకపోతిని. ప్రక్కయింటి కుర్రవానిని కేకవేయవలసి వచ్చినది. ఎముక విరుగలేదు గాని, “నీకేమైనదిరా నాయనా, ఒంట్లో బాగులేదా?” అని ఆమె యడిగిన మాట నేను మరువలేదు. నాలో 12 కిలోలు తగ్గిన మాట నిజమే. తగ్గినదేమో నేను విచారింపలేదు.

ఆహారము తగ్గించినపుడు కొరవడిన శక్తిని శరీరము తనలోని నిలువనుండి తీసికొనును. క్రొవ్వునే తీసికొనుమని మనము కోరుదుము. అది మన యాజ్ఞకు పూర్తిగా లోబడదు. వ్యాయామము లేక కేవలము తిండి తగ్గించి సన్నబడినవారిలో, తగ్గిన తూకమున సుమారు నాలుగవ వంతు క్రొవ్వు కానిదై యుండునని పరిశోధకులు చెప్పుదురు. అందు కండకును పాలు కలదు. కండను పోషించుట ఖర్చుతో గూడిన పని. కరవు సంవత్సరమున రైతు కాడి మోయని యెద్దునే ముందుగా సంతకు తోలును గదా! శరీరము కూడ నట్లే చేయును. 2 కిలోల డంబెల్ త్రిప్పు చేయి కాడి మోయుచున్నట్లు దానికి తోచదు.

ఈ బరువుల లెక్కకు నొక చరిత్ర కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలోని షికాగో నగరపు సైనికాసుపత్రిలో థామస్ డీలార్మ్ అను వైద్యుడుండెను. గాయపడి కాళ్లు సన్నబడిన సిపాయీలకు తేలిక బరువులతో పెక్కుమార్లు కసరత్తు చేయించుట అప్పటి వాడుక. ఆయన దానిని తలక్రిందులు చేసి, పెద్ద బరువులను తక్కువమార్లు ఎత్తించి, తొడలకు బలము తిరిగివచ్చిన తీరును 1945లో ప్రకటించెను. పదిమార్లు ఎత్తగలిగి, పదునొకండవమారు ఎత్తలేని బరువు ఆయనకు కొలమానము. 1948లో వాట్కిన్సు అను సహచరునితో గలసి పద్ధతిని సులభపరచి, మూడు విడతలు చాలుననెను: మొదటిది ఆ బరువులో సగముతో, రెండవది ముప్పాతికతో, మూడవది పూర్తి బరువుతో, ఒక్కొక్కటి పదేసి మార్లు. నేటి జిమ్ములలో వినవచ్చు “మూడు సెట్లు, పదేసి” యను మాటకు మూలము చాలవరకు ఇదియే.

ఎదుటిపక్షమునగల న్యాయమును దాచుట తగదు. కెనడాలోని మెక్మాస్టరు విశ్వవిద్యాలయమువారు 2012లో ప్రకటించిన పరీక్షలో, ఒక్కమారు మాత్రమే ఎత్తగల గరిష్ఠపు బరువులో 30 శాతముతో కసరత్తు చేసిన కాళ్లకును, 80 శాతముతో చేసిన కాళ్లకును పది వారములలో కండ యించుమించు సమముగనే పెరిగెను. కాని తేలిక బరువును వారు ఇక నెత్తలేమనువరకు ఎత్తిరి. అట్లు చేసినను, గరిష్ఠపు బరువు నెత్తు బలము పెద్ద బరువు నెత్తిన కాళ్లకే హెచ్చుగా వచ్చెను. కాబట్టి తేలిక బరువు పనికిమాలినది కాదు. 25 లెక్కపెట్టి, చెమటయైన పట్టకముందే క్రింద పెట్టి, క్రొవ్వు కరిగినదనుకొనుటయే తప్పు. చేతులు త్రిప్పినందున చేతుల క్రొవ్వే కరుగదు. క్రొవ్వు తగ్గుట ముఖ్యముగా వంటయింటి లెక్క.

మరి యెంత బరువు? వంకర పోక 8 మొదలు 12 మార్లవరకు ఎత్తగలిగి, ఆపైన ఒకటి రెండు మార్లకు మాత్రమే శక్తి మిగులునంతటి బరువు నెన్నుకొనవలెను. 6 మార్లకే నడుము వంగిపోయినచో నది యెక్కువ. కబుర్లు చెప్పుచు 15 మార్లు ఎత్తగలిగినచో నది తక్కువ. మూడు విడతలలోను 12 మార్లు వచ్చిననాడు ఒకటి రెండు కిలోలు కలిపి మరల 8తో మొదలిడవలెను. వారమునకు రెండు మూడు దినములు చాలును. తిండి తగ్గించిన దినములలో అలసట సహజము. అపుడు మూడు విడతలను రెండు చేసికొనుడు. బరువును మాత్రము తగ్గింపకుడు. నేను చెప్పదలచినదంతయు నీ వాక్యములోనే యున్నది. ఎత్తగల బరువు వారమువారము తగ్గుచున్నచో తిండి మరీ తగ్గించితిమని గ్రహించి కొంత కలుపుకొనవలెను. ఎత్తునపుడు ఊపిరి బిగబట్టరాదు. రక్తపుపోటు, గుండెజబ్బు కలవారు వైద్యుని అడిగిన పిమ్మటనే మొదలిడవలెను.

ఇనుము లేదని చింత వలదు. లీటరు నీరు ఒక కిలో. మూతగల డబ్బాలో కొలిచి పోసిన చాలును. నేను 10 కిలోల యిసుకసంచితో మొదలిడితిని. రాత్రి భోజనము మరల తినుచున్నాను. అన్నము తగ్గించి పప్పు, చేపలు, గ్రుడ్లు హెచ్చించితిని. గ్రుడ్డొకటికి సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు వచ్చును. ఎనిమిది నెలలకు 50 కిలోల బార్‌బెల్‌ను నేలనుండి 8 మార్లు ఎత్తగలిగితిని. తూకము 73 వద్దనే యున్నది.

బరువులెత్తుట కోడి రామమూర్తినాయుడుగారివంటి మల్లులకే గాని మనకేలయని తల్లులందురు. వారానికి రెండుమార్లు నీళ్లడబ్బా నెత్తినంతమాత్రమున స్త్రీకి మల్లుని దేహము రాదు. బిందె మోయు నడుముకు బలము వచ్చును.

విద్యార్థుల సంగతి వేరు. పెరుగు వయస్సున వైద్యుడు చెప్పక తిండి మానరాదు. బరువులెత్తిన పిల్లలు పొట్టివారగుదురను భయము నిరాధారము. అయినను పెద్దవారి యెదుటనే, చిన్న బరువులతో, పద్ధతి నేర్చుకొనుటకే యెత్తవలెను. పందెములు కూడదు. మన వ్యాయామపుగదిలో నున్నవి కొయ్య డంబెళ్లు మాత్రమే. 5, 10 కిలోల యినుప బిళ్లలు కొన్ని తెప్పించి, శనివారపు సాయంకాలములందు తలిదండ్రులకు కూడ ఆ గది తెరచి యుంచవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను. నా యెత్తిన బరువులు, మార్లు తేదీలతో వ్రాసికొన్న నోటుపుస్తకము చూడగోరువారికి స్టాఫురూములో నా బల్లమీద నుండును.